అడిగారు సరే, ఒప్పుకున్నామా?

కన్సల్ట్, కన్సెంట్. రెండూ ఇంగ్లీషు మాటలే. వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. టౌన్లో పదో తరగతి పిల్లవాడు కూడా ఒకదాని బదులు ఇంకొకటి రాసేస్తాడు, మాస్టారు ఎర్ర సిరాతో ఒక గీత గీసి వదిలేస్తారు. కానీ మన ఏజెన్సీ భూముల మీద వచ్చిన చట్టాల్లో ఈ రెండింట్లో ఏది పడిందో దాన్నిబట్టి ఊరు నిలవడమా, మునగడమా, కొండ ఉండడమా, లారీ ఎక్కడమా తేలిపోతుంది. అందుకే ఈ వ్యాసం. ఆదివాసీ యువకులకూ, గూడెం బడుల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ ఇంగ్లీషు నేర్పే ఉద్దేశం నాకు లేదు. మనల్ని ఏ మాటతో మోసం చేస్తున్నారో ఆ మాటను పట్టుకుందామని రాస్తున్నాను.

కన్సల్ట్ అంటే అడగడం. కన్సెంట్ అంటే ఒప్పుకోవడం. అడిగేది వాళ్లు, ఒప్పుకునేది మనం. ఇంతే తేడా. మొదటి దాంట్లో పని చేసేవాడు అధికారి, రెండో దాంట్లో పని చేసేది ఊరు. అధికారి వచ్చి, అడిగి, రాసుకుని వెళ్లిపోతే మొదటిది పూర్తయినట్టే. మనం ఏం చెప్పామన్నది దానికి అక్కర్లేదు. రెండోది అలా కాదు. ఊరు నోరు విప్పి సరే అనేదాకా అది పుట్టనే పుట్టదు.

మన వాడుకలో అడగడం అన్న మాటను ఒకసారి చూడండి. ‘నన్నడక్కుండా నా కోడిని ఎట్లా పట్టుకుపోయావు?’ అని తగువు పడతాం. అవతలివాడు ‘రేపు మళ్లీ వచ్చి అడిగి పట్టుకుపోతాలే’ అంటే ఊరుకుంటామా? మన నోట అడగడం అంటే అడిగి, సరే అనిపించుకోవడం. పిల్లను అడగడానికి వస్తారు. తల్లిదండ్రులు, మేనమామలు, ఊరి పెద్దలు కూర్చుంటారు. అడిగేశాం కదా అని అప్పుడే పిల్లను వెంటబెట్టుకు పోతామంటే అది సంబంధం కాదు, ఎత్తుకుపోవడం. మన కట్టులో అడగడానికీ ఒప్పుకోవడానికీ మధ్య సందు లేదు. ఆ సందు కచేరీలో పుట్టింది. ఆర్డీవోగారో ఇంకొకరో ‘గ్రామసభ పెట్టాం, అందరినీ అడిగాం’ అన్నప్పుడు మన పెద్దవాళ్లు తమ అర్థంలో వింటారు, ఆయన తన చట్టం అర్థంలో చెబుతాడు. ఒకే తెలుగు మాట, రెండు లోకాలు.

తెలుగులోకి తెచ్చిన వాళ్లు ఇంకో మేలు చేశారు. కన్సల్ట్‌కు ‘సంప్రదించు’ అని పెట్టారు. ఈ మాట మనకు ఎక్కడ కనిపిస్తుంది? సంతలో పంచే కరపత్రం అడుగున. ‘వివరాలకు సంప్రదించండి’ అని ఒక ఫోన్ నంబరు. అంటే సంప్రదించడం ఫోను చేసినంత పలచబడిపోయింది. గనులకూ ఫ్యాక్టరీలకూ ముందు జరిపే పబ్లిక్ హియరింగ్‌కు పెట్టిన పేరు ఇంకా ఘనమైనది: ప్రజాభిప్రాయ సేకరణ. సేకరణ అంటే ఏమిటో తునికాకు కోసే మనకు ఒకరు చెప్పాలా? ఆకు సేకరించి, కట్ట కట్టి, కల్లంలో ఎండబెట్టి, లెక్క రాసి, లారీకెత్తుతారు. ఆ తర్వాత ఆకుకు మాట ఉండదు. మన అభిప్రాయం కూడా అంతే. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం మనం చెప్పింది నమోదు చేస్తారు, పైకి పంపిస్తారు. వద్దన్నామని ప్రాజెక్టు ఆగాలన్న నియమం దాంట్లో లేదు. భూమి తీసుకోవడానికి వాడే మాట కూడా సేకరణే అన్నది గమనించండి. ముందు అభిప్రాయ సేకరణ, వెనక భూసేకరణ.

ఇప్పుడు చట్టాల దగ్గరికి వద్దాం. పెసా అంటే మనకు గుండెల్లో పెట్టుకునే చట్టం. 1996 డిసెంబరులో వచ్చింది. ‘మా ఊళ్లో మా రాజ్యం’ అని గోడల మీద రాసుకున్నాం. ఆ చట్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ దాని నాలుగో సెక్షన్ తీసి చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో అభివృద్ధి ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు గ్రామసభను, లేదా తగిన స్థాయి పంచాయతీని ‘కన్సల్ట్’ చేయాలి అని ఉంది. కన్సెంట్ అని లేదు. అదే సెక్షన్‌లో కొంచెం కిందకు వస్తే చిన్నతరహా ఖనిజాల లీజుకు మాత్రం ముందస్తు సిఫారసు తప్పనిసరి అన్నారు. అంటే వాగులో ఇసుకకూ, గుట్ట మీద కంకరకూ మన సిఫారసు కావాలి. బాక్సైటుకూ బొగ్గుకూ ఆ మాట లేదు. చిన్న రాయికి పెద్ద హక్కు, పెద్ద కొండకు ఉత్త పలకరింపు.

పైన ‘లేదా’ అన్న మాట కూడా వదలకండి. గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ. ఆ సందులోంచి 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన చట్టంలో భూసేకరణకు సంప్రదించాల్సింది మండల పరిషత్తును అని రాసుకుంది. మన గూడెం భూమి పోతుంటే మండల కేంద్రంలో ఎంపీపీగారిని అడిగితే చాలు. ఒప్పుకోవడం ఎలాగూ లేదు, చివరికి ఆ అడగడం కూడా మన గడప దాకా రాలేదు.

ఇది పెసా రాసినవాళ్లతో మొదలైన జబ్బు కాదు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ రాసేనాటిదే. 1948 నాటి ముసాయిదాలో గిరిజన సలహా మండలికి పళ్లు ఉండేవి. ఒక చట్టం మన ప్రాంతానికి వర్తించకూడదని మండలి సలహా ఇస్తే ఆ సలహా మేరకే గవర్నరు నడవాలి. 1949 సెప్టెంబరులో రాజ్యాంగ సభ ముందుకు వచ్చిన కొత్త పాఠంలో ఆ పళ్లు పీకేశారు. గవర్నరు రెగ్యులేషన్ చేసే ముందు మండలిని ‘కన్సల్ట్’ చేస్తే చాలు. జైపాల్ సింగ్ ముండా ఆ సభలోనే లేచి అభ్యంతరం చెప్పాడు. ఒక క్రియాపదం కోసం ఒక ఆదివాసీ ఆ మహామహుల మధ్య పోట్లాడాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన ఎక్కడున్నాడు? ఆయన 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు కెప్టెన్ అన్న సంగతి క్విజ్ పోటీలో అడుగుతారు. ఈ సంగతి ఎవరూ అడగరు.

‘కన్సల్ట్ అంటే అంతే మరి, నిఘంటువు ఒప్పుకోదు’ అని ప్లీడర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నిఘంటువు ఎవరికి ఒప్పుకుందో ఎవరికి ఒప్పుకోలేదో చూద్దాం.

సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకం గురించి రాజ్యాంగం 124వ అధికరణంలో ఉన్న మాట కూడా కన్సల్టేషనే. రాష్ట్రపతి ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి నియమించాలి. అక్కడ ‘సమ్మతి’ అని పెట్టాలని రాజ్యాంగ సభలో అడిగితే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. 1981లో ఆ కోర్టే సంప్రదింపు అంటే సమ్మతి కాదు అని తీర్పు చెప్పింది. పన్నెండేళ్లు తిరగకుండానే, 1993లో, తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానిదే పైచేయి అన్నారు. మాట మారలేదు. అదే అధికరణం, అదే కన్సల్టేషన్. అర్థం మాత్రం దాదాపు కన్సెంట్ అయి కూర్చుంది. కారణం ఏం చెప్పారు? న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలి, నియామకంలో దాని మాట చెల్లకపోతే ఆ స్వతంత్రం ఉండదు అన్నారు. మంచి కారణమే. నేను కాదనను. అయితే నా ప్రశ్న ఇది. కోర్టు బతకడానికి ఆ మాటకు బలమైన అర్థం కావలసి వస్తే ఇచ్చారు. ఊరు బతకడానికి అదే మాటకు అదే అర్థం ఎందుకు ఇవ్వకూడదు? గ్రామసభ మాట చెల్లకపోతే స్వపరిపాలన ఉంటుందా? జడ్జీగారి నియామకంలో ఒకలా, జోడేఘాట్‌లోనో చింతపల్లిలోనో ఇంకోలా వంగే మాటను నిఘంటువు నెత్తిన రుద్దకండి. అది అధికారం చేసే పని.

అభిప్రాయానికీ సమ్మతికీ తేడా మన తెలుగు రాష్ట్రాలకు తెలియనిది కాదు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిప్పికొడుతూ తీర్మానం చేసింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించింది. మూడో అధికరణం ప్రకారం శాసనసభ ఇచ్చేది అభిప్రాయం, అంతకు మించి కాదు అన్నారు. తెలంగాణ రావలసిందే, అది వేరే సంగతి. కానీ అప్పుడు అభిప్రాయం విలువ ఎంత తక్కువో చూసి గుండెలు బాదుకున్న పెద్దమనుషులే, పోలవరం ముంపు ఊళ్ల దగ్గరకు వచ్చేసరికి ‘అభిప్రాయం తీసుకున్నాం కదా, ఇంకేం కావాలి’ అన్నారు. ఆ ఏడాదే భద్రాచలం చుట్టుపక్కల మండలాలను ఆ రాష్ట్రం నుంచి ఈ రాష్ట్రానికి మార్చారు. కోయ ఊళ్లను ఎవరు అడిగారు? అక్కడ కన్సల్టూ లేదు, కన్సెంటూ లేదు.

మరి కన్సెంట్ అన్న మాట మన చట్టాల్లో ఎక్కడా లేదా అంటే ఉంది. దాన్ని కష్టపడి సంపాదించుకున్నాం. 2006 అటవీ హక్కుల చట్టంలో వన్యప్రాణుల ఆవాసం కోసం జనాన్ని కదిలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలుసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. కవ్వాల్‌లోనైనా అమ్రాబాద్‌లోనైనా పులి పేరు చెప్పి ఊరు కదలమన్నప్పుడు ముందు అడగవలసింది ఈ కాగితాన్ని. ప్యాకేజీ ఎంత అన్నది ఆ తర్వాతి మాట. 2009లో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ భూమిని వేరే పనికి మళ్లించాలన్నా గ్రామసభల సమ్మతి కావాలని ఉత్తర్వు పంపింది. ఆ తర్వాత 2013 భూసేకరణ చట్టం, 41వ సెక్షన్. షెడ్యూల్డ్ ప్రాంతంలో సాధ్యమైనంతవరకు భూమి తీసుకోకూడదు, వేరే దారి లేదని చూపించాకే తీసుకోవాలి, అప్పుడైనా ముందస్తు సమ్మతి ఉండాలి. అక్కడ రాసింది కన్సెంట్. పెసాలో పదిహేడేళ్ల కింద దొరకని మాట అక్కడ దొరికింది. (ఆ పాత ‘లేదా’ అక్కడా ఉంది. పంచాయతీ ఒప్పుకున్నా చాలట. ఎలుక ఒకసారి కన్నం నేర్చిందంటే ఇంతే.)

ఈ మాటకున్న బలం నియంగిరిలో తెలిసింది. ఒడిశాలో డోంగ్రియా కోందుల కొండ అది. నెత్తిన బాక్సైటు, కింద లాంజిగఢ్‌లో వేదాంత వాళ్ల శుద్ధి కర్మాగారం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. వందకు పైగా ఊళ్లుంటే రాష్ట్ర ప్రభుత్వం 12 ఎంచుకుంది. ఆ ఊళ్లలో జిల్లా జడ్జి కళ్లముందే సభలు జరిగాయి. 12కు 12 ఊళ్లు వద్దన్నాయి. గని రాలేదు. అక్కడ జరిగింది ఉత్త సంప్రదింపే అయితే ఏమయ్యేది? 12 ఊళ్ల ‘అభిప్రాయాలు’ ఫైల్లో భద్రంగా ఉండేవి, కొండ మీద యంత్రాలు ఉండేవి.

మన విశాఖ మన్యంలో ఆ అదృష్టం వేరే రూపంలో వచ్చింది. 2015 నవంబరులో జీవో 97తో చింతపల్లి అడవిలో బాక్సైటుకు దారి తెరిచారు. మన్యం మొత్తం రోడ్డెక్కింది. జీవో మూలన పడింది, 2019లో రద్దయింది. సంతోషమే. కానీ ఆ కొండలు మిగిలింది ఊళ్లు ఒప్పుకోలేదని కాదు, ప్రభుత్వాలు రాజకీయం లెక్క చూసుకున్నాయి. లెక్క మారితే జీవో మళ్లీ రావచ్చు. ప్రతి తరమూ రోడ్డెక్కి కాపాడుకోవాల్సిందైతే దాన్ని హక్కు అని ఎట్లా అంటాం?

అందుకే కన్సెంట్ అన్న మాటను మెల్లగా కోసే పని కూడా జరుగుతోంది. కొట్టేస్తే గొడవ కనుక జరుపుతున్నారు. 2022 అటవీ సంరక్షణ నియమాల్లో చేసింది అదే. ముందు కేంద్రం అడవి మళ్లింపుకు ఆమోదం ఇచ్చేస్తుంది, అటవీ హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుంది. అన్ని తాంబూలాలూ అయ్యాక పిల్లను అడిగినట్టు. అప్పటికి కంపెనీ డబ్బు కట్టేసి ఉంటుంది, మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి ఉంటాడు. అప్పుడు గ్రామసభలో వద్దన్నవాడు అభివృద్ధికి అడ్డం అవుతాడు. జాతీయ ఎస్టీ కమిషన్ సైతం ఆ నియమాలకు అభ్యంతరం చెప్పింది. ఇక బొగ్గు సంగతి. 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకునే భూములకు 2013 చట్టంలోని పరిహారం, పునరావాసం లెక్కలు వర్తింపజేశారు, సమ్మతి నిబంధనను మాత్రం వర్తింపజేయలేదు. డబ్బు పెంచుతాం, నోరు ఇవ్వం అన్నమాట.

ఇక్కడ చదువుకున్న మనవాళ్లే కొందరు అంటారు: ‘సమ్మతి అంటే వీటో. ప్రతి గూడేనికీ వీటో ఇస్తే దేశంలో ఒక రోడ్డు కూడా పడదు.’ అయ్యా, 2013 చట్టంలో ప్రైవేటు కంపెనీకి భూమి తీసుకోవాలంటే మైదానంలో కూడా భూమి పోయే కుటుంబాల్లో నూటికి 80 మంది ఒప్పుకోవాలి, ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి చేసేదానికి నూటికి 70 మంది. దాన్ని ఎవరూ వీటో అనలేదు, రైతు హక్కు అన్నారు. గుంటూరు రైతు వద్దంటే హక్కు, రంపచోడవరం కొండరెడ్డి వద్దంటే వీటో! పైగా రోడ్డుకూ బడికీ ఆసుపత్రికీ వద్దన్న గూడెం ఏది? మన ఊళ్లు రోడ్డు కోసం దరఖాస్తులు పెట్టి పెట్టి అలిసిపోయాయి. గర్భిణిని డోలీలో మోసేది రోడ్డు వద్దన్నందుకు కాదు, అడిగినా వేయనందుకు. మనం వద్దనేది మనల్ని లేపేసే వాటిని.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: ‘గ్రామసభలను కొనేస్తారు, నలుగురు పెద్దలకు మందు పోస్తే సమ్మతి వచ్చేస్తుంది, దానికెందుకు ఇంత పాకులాట?’ ఈ మాటలో నిజం ఉంది, కొట్టిపారేయను. కానీ ఓటును కూడా కొంటున్నారు. ఓటు తీసేయమంటామా? కొనాల్సి వస్తోందంటేనే దానికి విలువ ఉందని. ఉత్త అభిప్రాయాన్ని ఎవరూ కొనరు, అది ఊరికే దొరుకుతుంది.

ప్రపంచంలో కూడా ఈ తగువు ఉంది. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్య సమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసినప్పుడు స్వేచ్ఛగా, ముందుగా, తెలిసి ఇచ్చే సమ్మతి లేకుండా ఆదివాసులను వాళ్ల నేల నుంచి కదిలించకూడదని రాశారు. భారతదేశం దానికి అనుకూలంగా ఓటేసింది. వేసి, మన దేశంలో అందరూ మూలవాసులేనని పక్కకు తప్పుకుంది. చేతిలో కాగితం, కాళ్ల కింద నేల లేదు.

ఉపాధ్యాయ మిత్రులతో ప్రత్యేకంగా ఒక మాట. గ్రామసభలో మొదట తిప్పేది హాజరు పుస్తకం. వచ్చినవాళ్లు సంతకం, వేలిముద్ర పెడతారు. తీర్మానం చాలాసార్లు అప్పటికి రాసి ఉండదు, లేదా ఎక్కడో రాసి తెస్తారు. ఆ హాజరు సంతకాలే తీర్మానానికి సంతకాలుగా మారిపోతాయన్న ఫిర్యాదు మన ప్రాంతాల్లో ఊరూరా ఉంది. హాజరు అంటే వచ్చామని. అది కన్సల్ట్‌కు సాక్ష్యం అవుతుందేమో గానీ కన్సెంట్‌కు కాదు. ఈ మార్పిడి జరిగేది చదువు రాని చోట కాదు, చదివి వినిపించేవాడు లేని చోట. ఊళ్లో చదివి వినిపించగలిగేది మీరే. ప్రభుత్వ ఉద్యోగులం, మాకెందుకు అంటారు కొందరు. తీర్మానం చదివి, కోయలోనో గోండిలోనో కువిలోనో అర్థం చెప్పడం ఏ సర్వీసు రూలుకు వ్యతిరేకం? అది బడిలో మీరు రోజూ చేసే పనే.

యువకులు చేయాల్సింది కూడా ఉంది. అటవీ హక్కుల నియమాలు 2012లో మార్చాక గ్రామసభకు కోరం సభ్యుల్లో సగం, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. లెక్కపెట్టండి. లేకపోతే అది సభ కాదు, రచ్చబండ. తీర్మానంలో ‘వివరించడమైనది’, ‘చర్చించడమైనది’, ‘అభిప్రాయములు తీసుకొనబడినవి’ అని ఉంటే ఆ ‘బడినవి’ దగ్గర ఆగండి. ఎవరు తీసుకున్నారు, ఎవరు ఏం చెప్పారు అని అడగండి. మనం వద్దన్నప్పుడు ‘కొందరు సందేహాలు వెలిబుచ్చారు’ అని రాయనివ్వకండి. ‘ఈ గ్రామసభ సమ్మతించడం లేదు’ అని, కర్తా క్రియా కనిపించేలా, సంతకాలకు పైన, ఖాళీ వదలకుండా రాయించండి. ఆ పూటే నకలు తీసుకోండి. ఫోన్లో ఫొటో తీసి పక్క ఊరికి కూడా పంపండి, రేపు అదే జీపు వాళ్ల దగ్గరికే వెళుతుంది.